రేపటి తేదీ వేసిన కార్డు

పోయినవారం మా వదిన దువ్వెన తీసి నేలకేసి కొట్టిన చోట ఆపాను కదా. అది రెండు ముక్కలైంది. చప్పుడు విని కుట్టుమిషను వదిలేసి పరిగెత్తిన నాకు, ఆవిడ అన్నాళ్లుగా కడుపులో దాచుకున్న సంగతి అప్పుడు తెలిసింది. దాదాపు పన్నెండు వారాలుగా, వారానికి మూడు పూటలు, ఆ ఫిట్‌నెస్ స్టూడియో మెట్లెక్కి దిగుతున్నా ఆవిడ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు.

కథలోకి ఇవాళే వచ్చినవాళ్లకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా వదిన సిటీబస్సు నడుపుతుంది. ఆ డిపోలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి ఆవిడే. పన్నెండేళ్లుగా నడుపుతోంది. ఆవిడ బండి అయితే నిలబడి కూడా కునుకు తీయొచ్చని జనం అంటారు. డిపో మెట్లమీద జారిపడి భుజంలో కండరం తెగింది, ఆపరేషనైంది. డిపో డాక్టరు పన్నెండు వారాలు గడువిచ్చాడు. "స్టూడియోలో చేరి కసరత్తు చెయ్యి. చెయ్యి ఎంత ఎత్తు లేస్తోందో వాళ్లు వారం వారం కార్డుమీద రాస్తారు. ఆ కార్డు పట్టుకురా. బాగుంటే నీ సీటు నీది. లేదంటే మర్చిపోయిన సామాన్ల గది" అన్నాడు. అంటే బస్సుల్లో జనం వదిలేసిన గొడుగులకి కాపలా అన్నమాట, రిటైరయ్యేదాకా. సోమవారం ఆయన దగ్గరికి వెళ్లాలి. మనం ఇప్పుడు శుక్రవారంలో ఉన్నాం.

ఇక నేను. ఆవిడ ఆడపడుచుని. బట్టలు కుడతాను. నోరు కాస్త ఎక్కువ. నా మిషను కంటే నా నోరే వేగంగా నడుస్తుందని మా అన్నయ్య అంటాడు, అననివ్వండి.

"పద" అన్నాను దువ్వెన ముక్కలు ఏరి పారేసి.

"ఎక్కడికి?"

"నీ స్టూడియోకి. వాళ్ల సంగతేంటో కనుక్కుందాం."

"వద్దే పిల్లా. తప్పు నాదేనేమో. అక్కడ అందరూ చేస్తున్నారు కదా, నాకే రావట్లేదు."

నలభై దాటిన నన్ను పిల్లా అని పిలిచే మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే. మామూలుగా ఆ పిలుపుకి కరిగిపోతాను. ఆరోజు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఈవిడ రాత్రిళ్లు నిద్రపోకుండా తనని తానే తిట్టుకుంటోందని అప్పుడు అర్థమైంది. చెయ్యి పట్టుకుని, ఎడమచెయ్యే లెండి, బయటికి లాక్కొచ్చాను.

గాజు తలుపు తోసుకుని వెళ్లగానే చల్లగాలీ పాటల చప్పుడూ ఒకేసారి మీద పడ్డాయి. ఎదురుగా గోడమీద మూరెడేసి అక్షరాలు: 'మీరు కస్టమర్ కాదు, మా కుటుంబం.' కుటుంబమైతే దారిపొడవునా నేను తొమ్మిదిసార్లు చేసిన ఫోను ఒక్కసారైనా ఎత్తి ఉండాలిగా!

కౌంటరు దగ్గర అమ్మాయి నవ్వింది. పాపం, పొద్దుట పెట్టుకున్న నవ్వు, సాయంత్రం దాకా తీయకూడదేమో.

"మేనేజరుతో మాట్లాడాలి" అన్నాను.

"సార్ మీటింగులో ఉన్నారు మేడం."

ఆ అమ్మాయి భుజం మీంచి చూశాను. వెనక గాజుగదిలో ఒక పెద్దమనిషి ఒక్కడే కూర్చుని, ఫోను తెరలో మీసం సరిచేసుకుంటున్నాడు.

"ఎవరితో తల్లీ, మీసంతోనా?"

వదిన నా మోచెయ్యి గిల్లింది. కౌంటరు అమ్మాయి నవ్వు చెదరకుండా ఒక ట్యాబు నా ముందుకు జరిపింది. "ఈలోగా మీ అనుభవం ఎలా ఉందో నొక్కండి మేడం." మూడు మొహాలున్నాయి. ఒకటి నవ్వుతోంది, ఒకటి ఊరుకుంది, ఒకటి ఏడుస్తోంది. ఏడ్చే మొహాన్ని నొక్కాను. 'ధన్యవాదాలు! మీ ఆనందమే మా బలం' అని వచ్చింది. ఇంకోసారి నొక్కాను, మళ్లీ అదే వచ్చింది. మూడోసారి నొక్కబోతుంటే వదిన ట్యాబు తీసి పక్కన పెట్టేసింది.

నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఆ నలభై నిమిషాల్లో మా వదిన నోటినుంచి ఒక్కొక్క మాటే లాగాను. భుజానికి పనికొచ్చే తాళ్ల మిషను ఒకటే ఉందట. దానిమీద గుడ్డ కప్పి 'రిపేరులో ఉంది' అని కాగితం అంటించారు. ఐదోవారం నుంచి ఆ కాగితం అలాగే ఉందట. మొదటి నాలుగు వారాలు పక్కన నిలబడి చేయించిన కోచ్ మానేశాడట. తర్వాత ఆవిడని పెద్ద హాల్లో గుంపుతో కలిపేశారు.

"ఆ గుంపులో ఏం చేస్తావు?"

"గెంతుతాను, వంగుతాను. చేతులు ఎత్తేటప్పుడు ఊరికే నిలబడతాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పాను. కౌంటర్లో రాసుకున్నారు. మళ్లీ చెప్తే మళ్లీ రాసుకున్నారు." కౌంటరువైపు చూసి అంది: "ఆ పిల్లని మాత్రం ఏమనగలం? నేనూ అంతేగా. బస్సు లేటైతే ఎక్కినవాడల్లా నన్నే తిడతాడు. లేటు నావల్ల కాదని వాడికెలా తెలుస్తుంది? ఆ సీట్లో కూర్చున్నవాళ్ల కష్టం నాకు తెలుసు, అందుకే గట్టిగా అడగలేకపోయాను."

కొందరు మంచితనంతోనే మోసపోతారు. వాళ్లని చూస్తే జాలీ కోపమూ కలిసి వస్తాయి.

చివరికి గాజుగది తలుపు తెరుచుకుంది. మేనేజరు లేచి నిలబడి కుర్చీలు చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు. అంత మర్యాదస్తుడితో పోట్లాడటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన తలాడిస్తూ విన్నాడు.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడం" అన్నాడు.

"చెయ్యి లేవకపోవడం అసౌకర్యమా సార్? మీ కుర్చీ ఊగితే అది అసౌకర్యం."

ఆయన కంగారు పడలేదు. అరలోంచి కార్డుల కట్ట తీసి, అందులో మా వదిన కార్డు వెతికాడు. దాన్ని చూడగానే ఆయన మొహం విప్పారింది.

"మీరు పొరపాటు పడ్డట్టున్నారు మేడం. వీళ్ల ప్రోగ్రెస్ చాలా బాగుంది. చూడండి. మొదటివారం నలభైనాలుగు అంగుళాలు. ఎనిమిదోవారం అరవైఆరు. పన్నెండోవారం డెబ్బైఎనిమిది. నొప్పి లేదు, పూర్తిగా కోలుకున్నారు. ప్రతివారం మేడం సంతకం కూడా ఉంది."

అంగుళాలంటే ఇదీ సంగతి. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్లతో గోడమీద పాక్కుంటూ చెయ్యి పైకి తీసుకెళ్లాలి. వేళ్లు ఎక్కడ ఆగితే అక్కడికి నేలనుంచి ఎంత ఎత్తో రాస్తారు. డెబ్బైఎనిమిదంటే చెయ్యి నిటారుగా తలపైకి వెళ్లినట్టే.

అంగుళాల దగ్గర నన్నెవరూ మోసం చెయ్యలేరు. నా సంచీలో అన్నం డబ్బా లేకపోయినా కొలత టేపు ఉంటుంది. తీశాను.

"వదినా, లే. ఆ గోడ దగ్గర నిలబడు."

"ఊరుకోవే, అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

ఆవిడ నిలబడింది. కుడిచేతి వేళ్లు గోడమీద పాకడం మొదలుపెట్టాయి. నడుమెత్తు, ఛాతీ ఎత్తు, భుజమెత్తు. అక్కడ ఆవిడ పెదవి కొరుక్కుంది. ఇంకో రెండు వేళ్ల మేర పాకించింది. నుదుటిమీద చెమట పట్టింది, చెయ్యి ఇక కదల్లేదు. నేను నేలమీద కూర్చుని టేపు పైకి లాగాను.

"యాభైనాలుగు" అన్నాను. "సార్, మీ డెబ్బైఎనిమిది ఎక్కడుందో కాస్త వెతికిపెడతారా?"

నేను గెలిచేశానని గర్వంగా చూశాను గానీ, వదిన నావైపు చూడటం లేదు. బల్లమీదున్న కార్డు చేతిలోకి తీసుకుని చూస్తోంది. చివరి వరసమీద వేలు పెట్టింది.

"పన్నెండోవారం కొలత రేపు కదా సార్ తియ్యాల్సింది" అంది మెల్లిగా. "ఇక్కడ రేపటి తేదీ వేసి ఉంది."

మేనేజరు కార్డు లాక్కుని తేదీ చూశాడు. తర్వాత బెల్లు కొట్టి కోచ్‌ని పిలిపించాడు. ముప్పై ఏళ్లుంటాయి ఆ అమ్మాయికి. మెళ్లో ఈల, చేతిలో తువ్వాలు, కళ్లకింద నలుపు. నలుగురు చెయ్యాల్సిన పని ఆ అమ్మాయి ఒక్కతే లాగుతోందని మొహం చూస్తే తెలుస్తోంది. మేనేజరు కార్డు చూపించి, "ఇదెలా జరిగింది?" అన్నాడు, తనకేమీ తెలియనట్టు.

ఆ అమ్మాయి కార్డు చూసింది, ఆయన్ని చూసింది. "ఎలా జరగడమేంటి సార్? చేరినరోజే పన్నెండు వారాలూ రాసేస్తాం కదా. గోడమీద చార్టులో ఏ వారానికి ఎంత రావాలో ఉంది, అదే ఎక్కించేస్తాం. తేదీలతో సహా. మీరే కదా అలా చెయ్యమన్నది, వారం వారం కొలవడానికి మనుషులు లేరని."

"అందరివీ అంతేనా?" నేను కార్డుల కట్టకేసి చూస్తూ అడిగాను.

"అందరివీ అంతే మేడం. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. నాలుగోవారానికల్లా రావడం మానేస్తారు. ఆ కార్డులు అలాగే కట్టకట్టి పడేస్తాం." వదినవైపు తిరిగింది. ఆ అమ్మాయి గొంతు తగ్గింది. "పన్నెండోవారం దాకా వచ్చినవాళ్లు మీరొక్కరే."

మా వదిన కుర్చీలో కూలబడింది. ఆవిడ ఇంతగా చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు, ఆపరేషను రోజున కూడా.

"నేనెలా పెట్టాను ఈ సంతకాలు?" అంది, ఎవరినీ ఉద్దేశించకుండా. "కార్డులు ట్రేలో ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. సంతకం గడి ఒక్కటే బయటికి కనిపిస్తుంది. వచ్చీరాగానే పెట్టేదాన్ని. బస్సు తీసేముందు బ్రేకు మూడుసార్లు తొక్కి చూడందే ఏనాడూ బండి బాగుందన్న కాగితం మీద సంతకం పెట్టలేదే నేను! మెకానిక్కు ఒట్టేసి చెప్పినా వినేదాన్ని కాదు. నా ఒంటి విషయానికొచ్చేసరికి మాత్రం వీళ్లకి తెలుసులే అనుకున్నాను."

మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఈసారి గొంతులో మర్యాద కంటే ఓదార్పు ఎక్కువుంది.

"మేడం, జరిగిందేదో జరిగింది. మీకు సోమవారం ఏం కావాలి? కార్డు కావాలి. కార్డు బ్రహ్మాండంగా ఉంది. స్టాంపు వేసి ఇచ్చేస్తాను. మీ డిపో డాక్టరు రోజుకి అరవైమందిని చూస్తాడు, గోడ దగ్గర నిలబెట్టి కొలవడు. మీరు సీటెక్కండి. చెయ్యి దానంతటదే దారికొస్తుంది."

ఇక్కడొక నిజం చెప్పాలి. పాఠకుల దగ్గర దాచి ఏం లాభం? ఆ మాట వినగానే నా మనసు ఎగిరి గంతేసింది. తీసుకో వదినా, నోరు మూసుకుని తీసుకో అని లోపల అరిచాను. అయిదు నిమిషాల కింద టేపు పట్టుకుని న్యాయం అడిగిన మనిషిని నేనే. గొడుగుల గదిలో ఈవిడ ముప్పొద్దులా కూర్చోవడం ఊహించుకుంటే నా న్యాయం నాకే బరువైంది.

వదిన కార్డుని బల్లమీద బోర్లా పెట్టింది.

"సార్, మలుపు దగ్గర స్టీరింగు పూర్తిగా తిప్పాలంటే కుడిచెయ్యి పైదాకా రావాలి. రాకపోతే బండి సగమే తిరుగుతుంది. వెనక డెబ్బైమంది ఉంటారు. అబద్ధపు కార్డు నాకొద్దు."

"అయితే యాభైనాలుగని రాసివ్వమంటారా? మీ ఉద్యోగం పోతుంది మేడం."

"అదొక్కటే కాదు. మిషను పాడైందనీ, ఐదోవారం నుంచి నాకు శిక్షణ జరగలేదనీ కూడా రాయండి. తప్పు స్టూడియోది అని కాగితం చూపిస్తే గడువు పెంచే వీలుందని మా యూనియన్‌లో చెప్పారు. ఇంకో పన్నెండు వారాలు ఇస్తే చాలు. వేరేచోట చేయించుకుంటాను. లేపుతాను సార్ ఈ చెయ్యి."

ఆ చివరి మాట అంటూ ఆవిడ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేనేజరు తల అడ్డంగా ఊపాడు. "మాది తప్పని మేమే రాసివ్వడమా? హెడ్డాఫీసు ఒప్పుకోదు మేడం. ఫిర్యాదు ఫారం ఇస్తాను, నింపండి. విచారణకి మూడు వారాలు పడుతుంది."

"సోమవారం గడువున్న మనిషికి మూడు వారాలా?" నేను లేచాను.

"నేను రాసిస్తాను."

అన్నది కోచ్. తువ్వాలు భుజంమీద వేసుకుని, బల్లమీద పెన్ను తీసుకుంది.

"ఆలోచించుకో" అన్నాడు మేనేజరు. గొంతు ఎక్కడా పెంచలేదు. "ఆ కాగితం బయటికి వెళ్తే రేపట్నుంచి నీకు ఇక్కడ పనుండదు."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. ఏమాలోచించిందో, ఇంట్లో ఎవరున్నారో నాకు తెలియదు. తెల్లకాగితం లాక్కుని నిలబడే రాసింది. 'కుడిచెయ్యి ఎత్తు యాభైనాలుగు అంగుళాలు. తాళ్ల మిషను ఐదోవారం నుంచి పనిచెయ్యడం లేదు. అప్పట్నుంచి ఈమెకు శిక్షణ ఇవ్వలేదు. కార్డులోని అంకెలు కొలిచి రాసినవి కావు.' కింద సంతకం పెట్టి, మడిచి, వదిన చేతిలో పెట్టింది.

"పన్నెండు వారాలూ వచ్చారు మీరు" అంది. "మీరు వచ్చినప్పుడల్లా హాల్లో ఆ మూల నిలబడితే నేను చూసీ చూడనట్టు వెళ్లిపోయేదాన్ని. నాకు సిగ్గుగా ఉంది."

వదిన ఆ అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. మేమిద్దరం గుమ్మందాకా వచ్చాం. వెనకనుంచి మేనేజరు పిలిచాడు.

"మేడం, మీకు చెప్పలేదు. ఈ వారంతో ముగిసే కార్డులన్నీ మేమే ముందుగా మెయిల్ చేసేస్తాం, కస్టమర్లు తిరగక్కర్లేకుండా. మీ కార్డు కాపీ నిన్ననే డిపోకి వెళ్లిపోయింది."

ఆయన మొహంలో వెటకారం లేదు. నిజంగానే మంచి సేవ చేశాననుకుంటున్నాడు. నాకు అరవాలన్నా ఓపిక లేకపోయింది.

మెట్లు దిగి రోడ్డుమీదకొచ్చాం. ఎండ చురుక్కుమంటోంది. వదిన చకచకా నడుస్తోంది, నేను వెనకే పరుగు.

"ఎక్కడికి వదినా?"

"డిపోకి. సోమవారం దాకా ఎందుకు? ఇప్పుడే వెళ్లి ఆ కార్డు తప్పని చెప్పి ఈ కాగితం ఇచ్చేస్తాను. ఆ పిల్ల ఉద్యోగం పోగొట్టుకుని రాసిచ్చింది. దీన్ని సంచీలో పెట్టుకుని తిరిగితే నాకు అన్నం సహిస్తుందా?"

ఆవిడంటే నాకెప్పుడూ గౌరవమే. ఆ క్షణంలో అయితే దణ్ణం పెట్టాలనిపించింది.

బస్టాపు చేరేలోగా ఆవిడ ఫోను మోగింది. చూసి, "డ్యూటీలు వేసే సారు" అంది. చప్పుడులో వినబడదని స్పీకరు పెట్టింది.

"ఏమ్మా, ఎలా ఉన్నావు?" అవతల పెద్దాయన గొంతు హుషారుగా ఉంది. "నీ కార్డు వచ్చింది. డాక్టరుగారు పొద్దున్నే సంతకం పెట్టేశారు. ఫిట్ అని. సోమవారం రానక్కర్లేదన్నారు."

తేదీ కూడా చూడకుండా ఇంకో సంతకం. వదిన ఆగిపోయింది. నేను సైగ చేశాను, చెప్పు, ఇప్పుడే చెప్పేయమని.

"సార్, ఆ కార్డు..."

"మాట పూర్తిచెయ్యనివ్వమ్మా. మనుషులు బొత్తిగా లేరు. రేపు పొద్దున ఆరింటి బండి నీకు వేశాను. నీ పాత రూటే. నీ పాత బండే. నువ్వు పడిపోయిన దగ్గర్నుంచి దాన్ని నలుగురు నడిపారు, నలుగురూ తిట్టారు. స్టాపుల్లో జనం ఇంకా అడుగుతున్నారు, ఆ అమ్మ ఎప్పుడొస్తుందని. అవునూ, ఇందాక కార్డని ఏదో అంటున్నావు?"

మా పక్కనుంచి ఒక సిటీబస్సు స్టాపులోకి వచ్చి ఆగింది. జనం దిగారు, జనం ఎక్కారు. వదిన కళ్లు ఆ డ్రైవరు చేతులమీదే ఉన్నాయి. అతను అలవోకగా స్టీరింగు తిప్పి బండిని రోడ్డుమీదికి తీసేదాకా చూస్తూనే ఉంది.

"ఏమ్మా? ఉన్నావా? రేపు వస్తున్నావా?"

"వదినా" అన్నాను.

"వస్తున్నాను సార్" అంది ఆవిడ, కోచ్ రాసిచ్చిన కాగితం సంచీలో పెట్టేసుకుంటూ.

తప్పు విన్నానేమో అని మొహంలోకి చూశాను. మూడు నెలల తర్వాత మా వదిన నవ్వుతోంది.